పర్లాకిమిడిలో ఒక పాక్‌మ్యాన్ బోర్డు: రిపేరు నుంచి రైలు ఆట దాకా

గజపతి జిల్లా పర్లాకిమిడిలో 1990లలో వీడియో గేముల దుకాణం నడిపిన ఒక పెద్దాయన దగ్గర మిగిలిన ఆఖరి డబ్బా ఇది. ప్లైవుడ్ పెట్టె, అందులో పక్కకు తిప్పి బిగించిన 20 అంగుళాల కలర్ టీవీ, ఒకే ఒక జాయ్‌స్టిక్, రూపాయి బిళ్ల వేసే కంత. లోపల ఉన్నది 1980లో నామ్కో కంపెనీ తెచ్చిన పాక్‌మ్యాన్ హార్డ్‌వేర్‌కి ఎవరో చేసిన నకలు బోర్డు. దుకాణం మూసేశాక కూడా రథయాత్ర రోజుల్లో దీన్ని బయటికి తీసి పిల్లల చేత ఆడించేవారాయన. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రేకుల షెడ్డులో నిలువునా తడిసింది. ఆ తర్వాత పని చెయ్యలేదు.

“ఏటి బాబూ, ఇది మళ్లీ బతుకుతాదా? లేదంటే టీవీ ఇప్పేసి, మిగతాది పాత సామాన్లోడికి ఇచ్చీమంటావా?” అని అడిగారు.

ఇలాంటి డబ్బా దొరికితే చాలామంది చేసేది ఒకటే. పాత బోర్డు పీకేసి, రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటరు పెట్టి, వేల ఆటలు ఎక్కించేస్తారు. బోర్డు బతికే అవకాశం ఉన్నంతవరకు నేను అందుకు ఒప్పుకోను. ఆ బోర్డు మీద ఉన్నవన్నీ విడివిడిగా చేతికి దొరికే చిప్పులు. ఏ చిప్పు ఏం చేస్తుందో తెలుసుకోవచ్చు, కొలవొచ్చు, మార్చొచ్చు. పగలంతా ఎక్కడో ఉన్న సర్వర్లకి ప్రోగ్రాములు రాసే నాబోటివాడికి ఒక యంత్రాన్ని అడుగు నుంచి పైదాకా పూర్తిగా అర్థం చేసుకునే వీలు ఇక్కడే దొరుకుతుంది. “ఇచ్చీకు బాబాయి, చూస్తాను” అన్నాను.

ఈ రిపేరులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది నేను రాసుకున్న చిన్న టెస్ట్ ప్రోగ్రామ్. ఆసిలోస్కోప్, లాజిక్ ప్రోబ్ రెండూ వాడాను కానీ, ఎక్కడ పెట్టి చూడాలో చెప్పింది ఆ ప్రోగ్రామే. ఆ ప్రోగ్రామే పెరిగి పెరిగి ఒక కొత్త ఆట అయింది. కేసు మొత్తం రాయడానికి కారణం అదే.

మొదట కరెంటు

బోర్డు మీద చెయ్యి వేసేముందు సప్లై చూడాలి. అందులోని ఎస్.ఎం.పి.ఎస్. (ఇంటి కరెంటుని బోర్డుకి కావలసిన వోల్టులకి మార్చే సప్లై) దగ్గర 5.05 వోల్టులు ఉంది. అదే 5 వోల్టుల లైను బోర్డు మీద జెడ్80 ప్రాసెసర్ కాలి దగ్గర కొలిస్తే 4.62 మాత్రమే. ఆ కాలపు టీటీఎల్ రకం చిప్పులకి 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. మధ్యలో పోయిన వోల్టేజి అంతా బోర్డు అంచుకి తగిలించే ఎడ్జ్ కనెక్టరులో, నల్లబడిన పిన్నుల్లో వేడిగా మారి పోతోంది. ఇలాంటప్పుడు ఎస్.ఎం.పి.ఎస్. మీది ప్రీసెట్ తిప్పి వోల్టేజి పెంచేసే అలవాటు మన మెకానిక్కుల్లో బాగా ఉంది. అది ప్రమాదం. రేపు ఆ కనెక్టరు కదిలి కాంటాక్టు బాగుపడితే పెంచిన వోల్టేజి నేరుగా చిప్పుల మీద పడుతుంది. కనెక్టరు మార్చి, 5 వోల్టులకి, గ్రౌండుకి రెండేసి వైర్లు వేశాను. కాలి దగ్గర 4.98 వచ్చింది.

టీవీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే విషయం ఉంది. పాత టీవీల్లో చాలావాటికి ఛాసిస్ గ్రౌండు నేరుగా ఇంటి కరెంటుతో కలిసి ఉంటుంది. టీవీగా వాడినంతకాలం మూత లోపలే ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. గేమ్ బోర్డు గ్రౌండుని దానికి కలిపామంటే జాయ్‌స్టిక్ ఇనుప రేకు దాకా, కాయిన్ కంత దాకా కరెంటు పాకుతుంది. ఆ రేకు మీద చేతులు వేసేది పిల్లలు. అందుకే టీవీకి వేరుగా 230 నుంచి 230కి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. ఈ డబ్బాలో లేదు. ముందు అది పెట్టి, బయటి లోహాన్నంతా ఎర్త్ చేశాకే మిగతా పని మొదలుపెట్టాను. పిక్చర్ ట్యూబు ఆనోడ్ మీద 20 వేల వోల్టులకి పైనే ఉంటుంది, ఆపేశాక కూడా ఆ చార్జి నిలిచి ఉంటుంది. దాన్ని ట్యూబు వెనక నల్ల పూత మీద ఉండే జడ తీగకి దింపాలి. ఛాసిస్‌కి దింపితే ఐసీలు పోతాయి.

ఇంకో చిక్కు ఫ్రీక్వెన్సీలది. మన పాల్ (PAL) పద్ధతి టీవీ సెకనుకి 15,625 లైన్లు, 50 ఫీల్డులు గీస్తుంది. పాక్‌మ్యాన్ బోర్డు 18.432 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి మొదలుపెట్టి, దాన్ని మూడుతో భాగించి 6.144 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ తీస్తుంది. లైనుకి 384 క్లాకులు, ఫ్రేముకి 264 లైన్లు. లెక్క కడితే సరిగ్గా 16,000 లైన్లు, సెకనుకి 60.6 ఫ్రేములు. లైన్ హోల్డ్ ఆ మాత్రం తేడాని పట్టుకుంటుంది. వర్టికల్ హోల్డ్, హైట్ ప్రీసెట్లు రెండూ తిప్పాల్సి వచ్చింది. ఎల్.ఓ.టి. (పిక్చర్ ట్యూబుకి హై వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్ల దగ్గర, వర్టికల్ ఐసీ దగ్గర డ్రై సోల్డర్ కనబడింది, తిరిగి అంటించాను. నీలం రంగు మసకగా వస్తే కారణం బోర్డు మీద తుప్పు పట్టి విరిగిన 220 ఓముల రెసిస్టర్. టీవీ పని అంతటితో అయిపోయింది.

తెర మీద చెత్త, ఆగని రీసెట్

కరెంటు సరిచేశాక తెర మీద ముక్కలు ముక్కలుగా చెత్త బొమ్మలు వచ్చాయి. ప్రతి పావు సెకనుకి ఒకసారి తెర ఉలిక్కిపడుతోంది. అది వాచ్‌డాగ్. ప్రోగ్రామ్ సవ్యంగా నడుస్తున్నంతసేపు ఒక చిరునామాకి మాటిమాటికీ ఏదో ఒకటి రాస్తూ ఉండాలి. 16 ఫ్రేముల పాటు రాయకపోతే ఒక కౌంటర్ నిండి ప్రాసెసర్‌ని రీసెట్ చేస్తుంది. రీసెట్ ఆగట్లేదంటే ప్రాసెసర్ ప్రోగ్రామ్ చదవట్లేదు, లేదా చదివి దారి తప్పుతోంది.

క్లాక్ చూశాను, 3.072 మెగాహెర్ట్జ్ శుభ్రంగా ఉంది. తర్వాత ప్రోగ్రామ్ ఉండే నాలుగు ఈప్రామ్‌లు (కరెంటు పోయినా రాసింది నిలిచే చిప్పులు) తీసి చదివాను. ఒక్కోటీ 4 కిలోబైట్లు. చదివినదాన్ని పోల్చడానికి మామే ప్రాజెక్టు గొప్ప ఆసరా. పాత ఆటల యంత్రాల్ని కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటర్ అది, 1997లో మొదలైంది. దాని సోర్స్ కోడ్‌లో ప్రతి ఆటకీ, ఆ ఆట నకళ్లకీ కూడా ఒక్కో చిప్పు సీఆర్‌సీ విలువ (డేటా సరిగ్గా ఉందో లేదో పోల్చి చూసే సంఖ్య) రాసి ఉంటుంది. మూడు చిప్పులు సరిపోయాయి. నాలుగోది చదివిన ప్రతిసారీ వేరే విలువ ఇచ్చింది. దాని గాజు కిటికీ మీది స్టిక్కర్ ఊడిపోయి ఉంది. ఈప్రామ్‌ని చెరిపేది అతినీలలోహిత కాంతి. ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే కొన్ని బిట్లు అటూఇటూ ఊగే స్థితికి వచ్చేస్తాయి.

అప్పుడే కొత్త చిప్పు రాసి పెట్టేయొచ్చు. కానీ ఆట ఎక్కించి చూస్తే ‘ఆడింది’, ‘ఆడలేదు’ అన్న రెండు సమాధానాలే వస్తాయి. తుపానులో తడిసిన బోర్డులో ఒకే లోపం ఉంటుందని నమ్మడానికి లేదు. అందుకని మొదటి సాకెట్లో ఆట బదులు నా టెస్ట్ ప్రోగ్రామ్ పెట్టాను.

చిప్పు రాయడం గురించి ఒక మాట. పాత 2732 ఈప్రామ్‌లు రాయాలంటే రకాన్ని బట్టి 21 లేదా 25 వోల్టులు కావాలి, చిప్పులోకి రాసే చవక యూఎస్‌బీ పరికరాల్లో చాలావాటికి అంత రాదు. 28సి64 అనే ఈఈప్రామ్ 5 వోల్టులతోనే రాస్తుంది, చెరపడానికి లైటు అక్కర్లేదు. దానికి 28 కాళ్లు, సాకెట్టుకి 24. కింది 24 కాళ్లు దాదాపు అలాగే సరిపోతాయి. పై 28వ కాలిని, రాత ఆపడానికి 27వ కాలిని, 5 వోల్టులు అందే 26వ కాలికి కలపాలి. 2వ కాలిని గ్రౌండుకి వేయాలి. చిన్న అడాప్టర్ చేసుకుంటే చాలు.

టెస్ట్ ప్రోగ్రామ్ చెప్పిన సంగతి

ర్యామ్ మీదే అనుమానం ఉన్నప్పుడు రాసే ప్రోగ్రామ్ ర్యామ్‌ని వాడకూడదు. తిరుగు చిరునామాలు దాచుకునే స్టాక్ కూడా ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి సబ్‌రొటీన్ పిలవకూడదు, ఇంటరప్ట్ తెరవకూడదు. లెక్కలన్నీ జెడ్80 రిజిస్టర్లలోనే జరగాలి. తిరిగి రావలసిన చిరునామాని ఒక ఇండెక్స్ రిజిస్టరులో పెట్టుకుని అక్కడికి దూకాలి. మధ్యమధ్యలో వాచ్‌డాగ్‌ని తట్టడం మరచిపోకూడదు. ఈ క్రమశిక్షణతో రాస్తే మొత్తం వెయ్యి బైట్లు కూడా మించదు.

మొదటి పరీక్ష అందరూ చేసేదే. ప్రతి చిరునామాలో హెక్స్ 55 రాసి చదవడం, తర్వాత దాని బిట్లన్నీ తిరగేసిన AA రాసి చదవడం. బోర్డు మీది 2114 ర్యామ్ చిప్పులన్నీ ఇందులో నెగ్గాయి. అయినా తెర మీద నిలువు పట్టీల్లాగా ఒక వరస సవ్యంగా, పక్క వరస చెత్తగా కనిపిస్తోంది. చిప్పులు బాగున్నాయని ప్రోగ్రామ్ అంటోంది, తెర ఒప్పుకోవట్లేదు.

రెండో పరీక్షలో ప్రతి చిరునామాలోనూ పక్కదానికి లేని విలువ నింపి, అంతా నింపాకే మొదటి నుంచి చదవాలి. ఇందులో సగానికి సగం తప్పింది. తప్పిన ప్రతి చోటా దొరికిన విలువ సరిగ్గా 32 స్థానాల తర్వాత ఉండాల్సినది. 32 అంటే, సున్నా నుంచి లెక్కిస్తే అయిదో అడ్రస్ బిట్, ఏ5. ఆ లైను బోర్డులో ఎక్కడో తెగి, ఎప్పుడూ 1గానే కనబడుతోంది. ఒక వీధిలో పోస్ట్‌మ్యాన్ సరి సంఖ్య ఇళ్ల ఉత్తరాలన్నీ పక్క బేసి ఇంట్లో వేస్తూ, ఎవరడిగినా అక్కడి నుంచే తెచ్చి చూపిస్తున్నాడనుకోండి. ఉత్తరాలు ఒక్కొక్కటిగా అడిగినంతకాలం అతని మీద అనుమానమే రాదు. మొదటి పరీక్ష నెగ్గడానికి కారణం అదే.

తెర కూడా ఈ మాటే చెబుతోంది. పాక్‌మ్యాన్ వీడియో మెమరీలో మధ్య భాగమంతా నిలువు వరసలుగా ఉంటుంది, వరసకి 32 టైళ్లు (తెర బొమ్మని కూర్చే చిన్న చదరాలు). ఏ5 తేడా అంటే ఒక నిలువు వరస తేడా. ప్రాసెసర్ రాసినదంతా ఒకటి విడిచి ఒక వరసలోనే పడుతోంది. మిగిలిన వరసల్లో కరెంటు పెట్టగానే ర్యామ్‌లో ఉండే చెత్త అలాగే ఉండిపోతోంది. రీసెట్ ఎందుకు ఆగలేదో కూడా దీంతోనే తేలిపోయింది. పనిచేసే ర్యామ్ కూడా అదే అడ్రస్ దారిలో ఉంది. 32 బైట్ల దూరంలో ఉన్న వేరియబుల్ రాయగానే స్టాక్‌లోని తిరుగు చిరునామా చెరిగిపోతే ఏ ప్రోగ్రామైనా దారి తప్పాల్సిందే.

ర్యామ్‌ని ప్రాసెసరూ వాడాలి, బొమ్మ గీసే సర్క్యూటూ చదవాలి. ఎప్పుడు ఎవరి అడ్రస్ లోపలికి వెళ్లాలో తేల్చే పని అసలు బోర్డులో నామ్కో సొంత చిప్పులు చేస్తాయి. నకలు చేసినవాళ్లు ఆ పనిని మామూలు టీటీఎల్ చిప్పులతో కానిచ్చారు. అదే నాకు కలిసొచ్చింది. ప్రాసెసర్ వైపు ఏ5 లైను, రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచే 74ఎల్ఎస్157 చిప్పుల్లో దేనిలోకి వెళ్తుందో దారి పట్టుకుని వెళ్లాను. బోర్డు మీది రాగి దారిలో లాజిక్ ప్రోబ్ పెడితే పల్సులు ఉన్నాయి. అదే చిప్పు కాలి మీద పెడితే హై దీపమూ వెలగలేదు, లో దీపమూ వెలగలేదు. మల్టీమీటరులో 1.5 వోల్టుల దాపుల్లో ఉంది. ఎక్కడా కలవని టీటీఎల్ ఇన్‌పుట్ తీరు అదే, చిప్పు దాన్ని 1గా లెక్కేస్తుంది. చిప్పు మంచిదే, బోర్డు మంచిదే. మధ్యలో సాకెట్ లోపలి రేకు తుప్పు తిని చిప్పు కాలిని తాకడం మానేసింది.

ఆ ఒక్క సాకెట్టే కాదు, బోర్డు మీదున్న పాత రేకు సాకెట్లన్నీ మార్చాను. తడిసినవి అన్నీ ఒకేసారి తడిశాయి కదా. సాకెట్‌ని ఒక్క ఊపులో పీకితే కింద పాత ప్యాడ్లు లేచి వస్తాయి. ప్లాస్టిక్‌ని ముందు కత్తిరించి తీసేసి, కాళ్లు ఒక్కొక్కటిగా లాగాలి. ఓపిక పట్టాల్సిన పని ఇదొక్కటే. గుండ్రటి పిన్నుల సాకెట్లు బరంపురంలో దొరకలేదు, విశాఖపట్నం నుంచి తెప్పించాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరాక పెడితే రెండు పరీక్షలూ నెగ్గాయి. పాడైన ఈప్రామ్ బదులు కొత్తది పెట్టగానే ఆట మొదలైంది.

టెస్ట్ ప్రోగ్రామ్ ఆట అయిన విధం

తెరని టైళ్లతో నింపే కోడ్ చేతిలో ఉంది. జాయ్‌స్టిక్ చదివే కోడ్, మూడు గొంతుకల సౌండ్‌ని పరీక్షించే కోడ్ కూడా ఉన్నాయి. బొమ్మలు కదిలించడం ఒక్కటి కలిపితే ఆట రాయడానికి కావలసిన ముడిసరుకంతా సిద్ధం. ఏ ఆట అన్నది ఆలోచించనక్కర్లేకపోయింది. మా ఊరికి ఒక రైలుంది.

నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల నేరోగేజి లైను 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా సాగింది. 2004లో బ్రాడ్‌గేజి కోసం ఆపేశారు, 2011కి పెద్ద రైలు గుణుపురం చేరింది. ఆ పాత బండి కూత వింటూ పెరిగినవాళ్లు ఇక్కడ ప్రతి ఇంట్లో ఉన్నారు. వాళ్ల మనవలకి ఆ బండి తెలియదు.

పాక్‌మ్యాన్ హార్డ్‌వేర్‌లో తెర జరిపే సదుపాయం లేదు. పరుగెత్తే దృశ్యం గీయలేం. కాబట్టి లైను మొత్తం ఒకే తెర మీద ఉండాలి. 28 టైళ్ల వెడల్పు, 36 టైళ్ల ఎత్తు ఉన్న నిలువు తెర దానికి బాగా కుదిరింది. కింద నౌపడ, పైన గుణుపురం, మధ్యలో మెలికలు తిరుగుతూ పట్టాలు. ఆడేవాడు బండిని నడుపుతూ, ఎదురు బండి వచ్చేలోపు లూప్ లైనులోకి మళ్లించాలి, పట్టాల మీది పశువులకి కూత వేయాలి. స్ప్రైట్లు, అంటే తెర మీద విడిగా కదిలే బొమ్మలు, ఎనిమిదే. ఇంజను, రెండు పెట్టెలు, ఎదురు బండికి రెండు, పశువులకి మూడు. అంతటితో సరి.

ఫ్రేముకి దొరికే సమయం 50,688 క్లాకులు. ఎస్డీసీసీ కంపైలర్‌తో సీ భాషలో రాసి, పట్టాల మీద దారి వెతికే భాగాన్ని మాత్రం అసెంబ్లీలో రాశాను. మామే డీబగ్గరులో అంతా నడిచాకే చిప్పులోకి రాయాలి. ఎమ్యులేటరుకీ బోర్డుకీ తేడా వచ్చే చోట్లు రెండు గుర్తుపెట్టుకోవాలి. అసలు ర్యామ్ ఖాళీగా లేవదు, చెత్తతో లేస్తుంది. మీరు సున్నా చేయని ప్రతి వేరియబులూ మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. రెండోది, టీవీ తెర అంచులు కొంత మింగేస్తుంది. స్కోరుని చివరి వరసలో పెట్టకూడదు.

నేను ఎక్కువ కాలం గడిపింది స్టేషను పేర్ల దగ్గర. టైల్ 8 పిక్సెళ్ల చదరం, మొత్తం 256 టైళ్లు. ఎనిమిది పిక్సెళ్లలో ‘ఏ’కీ ‘వ’కీ తేడా చూపించడం కుదరని పని. అక్షరానికి నాలుగు టైళ్లు కలిపి 16 పిక్సెళ్ల చదరం తీసుకున్నాను. నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం. ఆరు పేర్లకి 24 అక్షరాలు, అంటే 96 టైళ్లు. ‘ప’ మూడు పేర్లలో వస్తుంది కాబట్టి ఎనిమిది మిగిలి 88 అయ్యాయి. ‘ట్నం’ దగ్గర పై అక్షరాన్ని పది వరసల్లోకి అణిచి, ఒత్తుని కింద అయిదు వరసల్లో పెట్టాను. ఒక్కో పిక్సెల్‌కి రెండు బిట్లు ఉన్నాయి. అంచుల్లో సగం వెలుగు రంగు వేస్తే తెలుగు గుండ్రదనం నిలబడింది. పిక్చర్ ట్యూబే ఆ అంచుల్ని ఇంకాస్త మెత్తబరిచింది. ఎల్‌సీడీ మీద ఇవే అక్షరాలు రంపపు పళ్లలా ఉంటాయి.

ఒడియా బోర్డులు కూడా ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. పాతపట్నం దాటగానే ఒడిశా వస్తుంది. మా ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఒడియా బడికి వెళ్లేవాళ్లు ఆ లిపినే ముందు చదువుతారు. ఒడిశా వైపు మూడు స్టేషన్లకి ఒడియా పేర్లు మరో 52 టైళ్లు తిన్నాయి. మిగిలిన 116లో అంకెలు, పట్టాలు, మహేంద్రతనయ నది వంతెన, కొండలు, వరిచేలు సర్దాను. ఇంగ్లిషు అక్షరాలకి చోటు లేదు. వాటి లోటూ తెలియలేదు.

కూత కోసం రెండు గొంతుకలకి దగ్గరదగ్గర ఫ్రీక్వెన్సీలు ఇచ్చాను. రెండూ ఒరుసుకుని వచ్చే కంపనం ఆవిరి ఇంజను కూతకి బాగా దగ్గర. పెద్దాయన మొదట విన్నప్పుడు, “ఇది మన బండి కూతే, కాకపోతే కాశీనగర్ దగ్గర ఇంకాస్త సాగదీసేవోడు డ్రైవరు” అన్నారు. సాగదీశాను.

ప్రస్తుత స్థితి

డబ్బా రథయాత్రకి వెళ్లింది. పాక్‌మ్యాన్, చిన్న రైలు రెండూ ఒకే బోర్డు మీద, వెనకున్న ఒక స్విచ్‌తో మారతాయి. స్విచ్ మార్చేది కరెంటు ఆపాకే. రెండు ఆటల ప్రోగ్రామ్, బొమ్మలు పెద్ద చిప్పుల్లో పై సగం, కింది సగంగా ఉన్నాయి. రైలు ఆటలో మొదటి మూడు నిమిషాలు తేలిక, తర్వాత ఎదురు బండి మరీ త్వరగా వస్తోంది. చిన్న పిల్లలు టెక్కలి దాటలేకపోతున్నారు. ఆ వేగం పట్టికని బోర్డు మీది డిప్ స్విచ్‌లనే చిన్న మీటలకి కలిపేశాను, ఇప్పుడు పెద్దాయనే మార్చుకోగలరు. హైస్కోరు కరెంటు పోగానే పోతుంది, బ్యాటరీ ర్యామ్ ఈ బోర్డులో లేదు. ఎల్.ఓ.టి. 16,000 లైన్ల దగ్గర కొంచెం వేడెక్కుతోంది, దానికి జోడీ ఒకటి ముందే కొని ఉంచాలి. టీవీ పక్కకు తిరిగి ఉండటంతో గాలి కంతలు పక్కకి పోయాయి, పైన కొత్తవి కొట్టించాను.

టెస్ట్ ప్రోగ్రామ్ ఉన్న చిప్పుని అడాప్టరుతో సహా తలుపు లోపల సంచీలో పెట్టి, పక్కన తెలుగులో, ఒడియాలో కాగితం అంటించాను. కరెంటు ఆపు. మొదటి సాకెట్లోది తీసి ఇది పెట్టు, గాటు ఎడమ వైపు ఉండాలి. తెర మీద పచ్చగా నిండితే ర్యామ్ బాగుంది. ఎర్రగా నిండితే డేటా తప్పు, తెర మీద కనబడే అంకె గల చిప్పు మార్చు. ఎరుపు, పసుపు చారలుగా వస్తే అడ్రస్ తప్పు. అప్పుడు చిప్పులు కొనకు, సాకెట్లు చూడు.